హాల్‌స్టాట్‌కు గైడెడ్ బస్సులో ఒక్క రోజు: టికెట్ కొనే దగ్గర్నుంచి తిరుగు ప్రయాణం దాకా

ఆస్ట్రియా వెళ్లే తెలుగువాళ్ల జాబితాలో వియన్నా, సాల్జ్‌బర్గ్ తర్వాత తప్పకుండా వినిపించే పేరు హాల్‌స్టాట్. ఆల్ప్స్ కొండల్లో, నిట్టనిలువు కొండకీ సరస్సుకీ మధ్య దొరికిన కాస్త నేల మీద ఇళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు కట్టుకున్న ఊరు. జనాభా సుమారు 750. అక్కడికి సొంతంగా వెళ్లాలంటే రైలు, పడవ వేళలు కలుపుకోవాలి. అందుకే చాలామంది గైడెడ్ బస్ టూర్ ఎంచుకుంటారు. పొద్దున ఎక్కితే రాత్రికి మళ్లీ హోటల్ దగ్గర ఉంటాం.

ఈ టూర్ బాగా సాగిందా లేదా అన్నది ఊళ్లో కాళ్లు నేల మీద పెట్టే ఆ రెండున్నర, మూడు గంటల మీద ఆధారపడుతుంది. మిగతాదంతా బస్సులో కూర్చోవడమే. ఆ మూడు గంటలు టాయిలెట్ క్యూలో, భోజనం కోసం ఎదురుచూపుల్లో, దారి వెతుక్కోవడంలో ఎలా కారిపోతాయో తెలుసుకుంటే వాటిని కాపాడుకోవచ్చు. కింద చెప్పే సలహాలన్నీ ఆ గంటలను కాపాడటానికే.

ఏ ఊరి నుంచి బస్సెక్కాలి

వియన్నా నుంచి హాల్‌స్టాట్ సుమారు 290 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే మూడున్నర గంటలు, మధ్యలో టీకి ఆపితే నాలుగు. అంటే 12, 13 గంటల టూర్‌లో ఏడు గంటలకు పైగా చక్రాల మీదే గడుస్తుంది. సాల్జ్‌బర్గ్ నుంచి సుమారు 75 కిలోమీటర్లే, గంటంబావు నుంచి గంటన్నర. మీ ప్రయాణంలో ఈ రెండు ఊళ్లూ ఉంటే రెండో ఆలోచన వద్దు, సాల్జ్‌బర్గ్ నుంచే తీసుకోండి. వియన్నాలోనే బస ఉన్నవాళ్లు, ఇంకెటూ వెళ్లే వీలు లేనివాళ్లు మాత్రమే అక్కడి నుంచి బయల్దేరడం మంచిది. చిన్నపిల్లలూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ వెంట ఉంటే వియన్నా టూర్ నిజంగా కష్టం.

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు మ్యూనిక్ నుంచి వెళ్తుంటారు. ఆ టూర్ సరిహద్దు దాటుతుంది. షెంగెన్ దేశాల మధ్యే అయినా జర్మనీలోకి తిరిగి వచ్చేటప్పుడు పోలీసులు బస్సెక్కి కాగితాలు చూడటం మామూలే. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు. ఒక్కరి దగ్గర కాగితాలు లేకపోయినా బస్సంతా ఆగిపోతుంది.

టికెట్ వివరాలు ఎలా చదవాలి

టూర్ ప్రకటనలో ముందు ఫొటోలు, తర్వాత పొగడ్తలు, అట్టడుగున అసలు సమాచారం ఉంటుంది. మీరు అట్టడుగు నుంచే మొదలుపెట్టండి. ముందుగా వెతకాల్సిన అంకె ఒక్కటే: హాల్‌స్టాట్‌లో ఎన్ని గంటలు ఆపుతారు. "మెల్క్ మఠం, వోల్ఫ్‌గాంగ్ సరస్సు, హాల్‌స్టాట్ అన్నీ ఒకే రోజు" అని ఊరించే టూర్లలో హాల్‌స్టాట్‌కు మిగిలేది తక్కువ. టికెట్ ధరను ఊళ్లో ఆపే గంటలతో భాగించి చూడండి. చవగ్గా కనిపించిన టూర్ ఒక్కోసారి గంట లెక్కన ఖరీదైనదని తేలుతుంది. రెండున్నర గంటల కంటే తక్కువ ఆపే టూర్ మాత్రం కొనవద్దు.

రెండోది, టికెట్‌లో ఏం కలిసి ఉంది. చాలా టూర్లలో బస్సూ గైడూ మాత్రమే. కొండ మీదికి తీసుకెళ్లే కేబుల్ రైలు, ఉప్పు గని, పడవ షికారు విడిగా కొనుక్కోవాలి. మూడోది గైడ్ మాట్లాడే భాష. ఒకే గైడ్ ఇంగ్లీషు, స్పానిష్ రెండూ మార్చి మార్చి చెప్పే టూర్లలో మీకు అందేది సగమే. నాలుగోది, కనీస సంఖ్య నిబంధన. ఇంతమంది చేరకపోతే రద్దు చేస్తామని రాసి ఉంటే, ఆ కబురు ఎన్ని గంటల ముందు చెబుతారో చూసుకోండి. రద్దయితే మర్నాడు మళ్లీ ప్రయత్నించే వీలుండేలా ఈ టూర్‌ను మీ బసలో ఆఖరి రోజుకు పెట్టకండి.

ఇంకొక సంగతి తెలిసి ఉండాలి. టూరిస్టు బస్సులు ఇష్టం వచ్చినప్పుడు హాల్‌స్టాట్‌లోకి వెళ్లలేవు. జనం తాకిడి తట్టుకోలేక ఆ ఊరు 2020 నుంచి బస్సులకు ముందస్తు సమయం బుక్ చేసుకునే పద్ధతి పెట్టింది. రోజుకు ఇన్నే బస్సులు అన్న పరిమితి ఉంది, తనకిచ్చిన సమయానికి బస్సు టెర్మినల్‌కు చేరాలి. దీనికి తోడు యూరప్‌లో డ్రైవర్లకు కఠినమైన నియమాలున్నాయి. నాలుగున్నర గంటలు నడిపితే మొత్తం 45 నిమిషాల విరామం తప్పనిసరి. రోజుకు నడపడం తొమ్మిది గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం పది గంటల దాకా. లెక్క అంతా బస్సులోని పరికరంలో నమోదవుతుంది. అందుకే పొద్దున బస్సు అరగంట మీకోసం ఆగదు, సాయంత్రం కూడా ఆగదు. డ్రైవర్ మంచితనంతో నిమిత్తం లేదు, ఆలస్యం చేస్తే జరిమానా పడేది వాళ్లకే.

ఏ నెలలో, ఏ రోజున

జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 11 నుంచి 3 దాకా ఊళ్లో భుజాలు రాసుకుంటూ నడవాల్సి వస్తుంది. మే, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదలు మంచివి. కొండలు పచ్చగానో పసుపుగానో ఉంటాయి, నడవడానికి చోటుంటుంది. డిసెంబరులో మంచు అందమే గానీ పగలు చాలా చిన్నది, నాలుగున్నరకే చీకటి పడుతుంది. పైగా ఊరు సరస్సుకు పడమటి ఒడ్డున, కొండ నీడలో ఉంది. ఉదయపు ఎండ ఇళ్ల ముఖాల మీద నేరుగా పడుతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కొండ వెనక్కి జారిపోతాడు. ఫొటోలు ముఖ్యమనుకునేవాళ్లు పదకొండు లోపు ఊరు చేరే టూర్ చూసుకోవాలి.

వారాల్లో మంగళ, బుధ, గురువారాలు నయం. ఆదివారం ఆస్ట్రియాలో సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. ఆదివారం టూర్ అయితే నీళ్లు, పళ్లు, బ్రెడ్డు శనివారం సాయంత్రం ఆరు లోపే కొని పెట్టుకోండి. మర్చిపోతే వియన్నాలో పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే దిక్కు.

ముందు రోజు రాత్రి సర్దుకోవాల్సినవి

పాస్‌పోర్టు అసలుది, వోచర్ ఫోన్లోనూ కాగితం మీదా, చిల్లర నాణేలు. ఈ మూడూ ఒకే చిన్న సంచిలో పెట్టుకోండి. నాణేలు దేనికంటే, దారిలోనూ ఊళ్లోనూ టాయిలెట్లకు డబ్బు కట్టాలి. 50 సెంట్లు, 1 యూరో నాణేలు మనిషికి నాలుగైదు ఉంటే చాలు. పడవ టికెట్‌కు, చిన్న ప్రవేశ రుసుములకు కూడా నోటు కంటే చిల్లర మేలు.

బట్టల విషయంలో ఒకటే సూత్రం: మందపాటిది ఒక్కటి వేసుకోకుండా పలచటివి మూడు వేసుకోండి. జులైలో కూడా పొద్దున బస్సు దగ్గర చలిగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ మండుతుంది, గంటలో వాన పడుతుంది. ఈ ప్రాంతంలో దారాలు వేలాడదీసినట్టు సన్నగా, వదలకుండా పడే వానకు స్థానికులు 'ష్నూర్ల్‌రేగెన్' అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. తలకు టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తీసుకోండి. ఇరుకు వీధుల్లో గొడుగు పదిమంది కళ్లకు అడ్డం, సరస్సు గాలికి తిరగబడుతుంది. ఉప్పు గనిలోకి వెళ్లే ఆలోచన ఉంటే స్వెట్టర్ తప్పనిసరి, లోపల ఏడాది పొడుగునా 8 డిగ్రీలే.

చెప్పులు వద్దు. రాతి పలకల మీద, తడిసిన మెట్ల మీద అడుగు భాగం అరిగిన చెప్పులు జారతాయి. చీర కట్టుకునే అమ్మలు, అత్తగార్లు కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి కట్టుకుని బూట్లు వేసుకుంటే ఇబ్బంది ఉండదు. పంజాబీ డ్రెస్ అయితే మరీ హాయి.

తిండి: ముందే తేల్చుకోండి

ఊళ్లో భోజనశాలలు తక్కువ, వచ్చే జనం ఎక్కువ. కూర్చుని తినే భోజనానికి గంట నుంచి గంటన్నర పోతుంది. మీ మూడు గంటల్లో అది సగం. అందుకే మా సలహా ఏమిటంటే, కూర్చుని తినే భోజనం రాత్రికి ఉంచుకుని, మధ్యాహ్నం వెంట తెచ్చుకున్నది సరస్సు ఒడ్డున బెంచీ మీద తినేయండి.

అపార్ట్‌మెంట్‌లో దిగినవాళ్లకు పులిహోర సాటిలేనిది. చింతపండు, నూనె ఉండబట్టి సాయంత్రం దాకా చెడదు, చల్లారినా రుచి తగ్గదు. ఇంగువ కాస్త తగ్గించి వేసుకోండి, మూసిన బస్సులో పక్కవాళ్లకు ఘాటు తగులుతుంది. డబ్బా మూత బస్సులో తెరవకండి. చాలా బస్సుల్లో వండిన తిండి తినడం ఎలాగూ నిషేధం. పెరుగన్నం ఎండలో నిలిపిన బస్సులో పులిసిపోతుంది, అది వద్దు. పొడి వేసి చుట్టిన చపాతీలు, అరటిపళ్లు, వేయించిన పల్లీలు చాలు. నీళ్ల సీసా ఒక్కటి తెచ్చుకుంటే చాలు, ఆస్ట్రియాలో కుళాయి నీళ్లు తాగొచ్చు. వీధిలోని నీటి తొట్టి మీద 'కైన్ ట్రింక్‌వాసర్' అని రాసి ఉంటే మాత్రం అవి తాగే నీళ్లు కావు.

బయటే తింటామనుకునే శాకాహారులకు కొన్ని జాగ్రత్తలు. 'కేజెష్పెట్స్లె' అనే చీజు నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల 'ష్పెక్' అనే పంది మాంసం ముక్కలు కూడా చల్లుతారు. 'ఫ్రిటాటెన్' సూపులో తేలేవి అట్టు ముక్కలే అయినా నీళ్లు మాత్రం గొడ్డుమాంసం ఉడికించిన రసం. 'కైజర్‌ష్మారన్' గుడ్లతో చేసే తీపి అట్టు. ఆర్డర్ ఇచ్చేముందు 'ఓనె ఫ్లైష్' అంటే మాంసం లేకుండా, 'ఓనె ఐ' అంటే గుడ్డు లేకుండా అని రెండు మాటలు నేర్చుకోండి. చేపలు తినేవాళ్లు 'రైనాంకె' అడగండి. అది ఆ ప్రాంతపు సరస్సుల్లో దొరికే చేప, ముల్లు తక్కువ, రుచి సున్నితం.

బస్సెక్కేటప్పుడు

ఎక్కే చోటుకు 20 నిమిషాల ముందు చేరండి. పెద్ద ఊళ్లలో ఒకే చోట, ఒకే సమయానికి నాలుగైదు కంపెనీల బస్సులు నిలబడతాయి, అన్నీ హాల్‌స్టాట్‌కే పోతాయి. బోర్డు మీది ఊరి పేరు చూసి ఎక్కేయకుండా, మీ వోచర్ మీది కంపెనీ పేరు అడిగి ఎక్కండి. వేరే బస్సులో కూర్చుని, బయల్దేరే నిమిషంలో దిగి పరుగెత్తడం అక్కడ రోజూ కనిపించే దృశ్యం.

సీటు మీ ఇష్టానికి వదిలేస్తే, వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. వియన్నా నుంచి గ్ముండెన్ మీదుగా వెళ్లే దారి ట్రాన్ సరస్సుకు పడమటి ఒడ్డున సాగుతుంది, నీళ్లన్నీ ఎడమ కిటికీలోనే. సాల్జ్‌బర్గ్ నుంచి వెళ్లే దారిలో వోల్ఫ్‌గాంగ్ సరస్సూ ఎడమ వైపే వస్తుంది. కడుపులో తిప్పేవాళ్లు మాత్రం అందాన్ని వదిలేసి ముందు వరసల్లో కూర్చోవాలి. సరస్సుల పక్క వంపుల్లో వెనక సీట్లు బాగా ఊగుతాయి. వాంతుల మాత్ర వంపులు మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. డాక్టరు చెప్పిన మందును కనీసం గంట ముందు వేసుకుని, ఖాళీ కడుపుతో కాకుండా రెండు ఇడ్లీలంత తేలికైన తిండి తిని ఎక్కండి. సీటుకు బెల్టు ఉంటే పెట్టుకోవడం అక్కడ చట్టం.

బస్సులో టాయిలెట్ ఉందని రాసినా దాన్ని నమ్ముకోకండి. చాలాసార్లు అత్యవసరానికే తెరుస్తారు. దారిలో ఆపిన చోట అవసరం లేదనిపించినా వెళ్లి రండి. హాల్‌స్టాట్ టెర్మినల్‌లో మూడు బస్సులు ఒకేసారి దిగితే అక్కడి క్యూలో పావుగంట పోతుంది.

కిటికీలోంచి చూడాల్సింది

గైడ్ మైకులో చెప్పేటప్పుడు చాలామంది నిద్రపోతారు. ఎబెన్‌జే నుంచి బాడ్ ఇష్ల్ మీదుగా హాల్‌స్టాట్ దాకా మాత్రం మెలకువగా ఉండండి. ఈ దారి ఉప్పు దారి. హాల్‌స్టాట్ కొండలోని ఉప్పును నీళ్లలో కరిగించి, ఆ ఉప్పునీటిని ఎబెన్‌జే దాకా సుమారు 40 కిలోమీటర్లు చెక్క గొట్టాల్లో పారించారు. 1595లో మొదలుపెట్టి 1607లో పూర్తిచేశారు. సుమారు 13,000 చెట్ల మొద్దులను నిలువునా తొలిచి ఒకదానికొకటి తగిలించారు. ఎందుకింత శ్రమ? ఉప్పునీటిని మరిగించడానికి కట్టెలు కావాలి, హాల్‌స్టాట్ చుట్టూ అడవి తరిగిపోయింది. కట్టెలను కొండెక్కించడం కంటే నీళ్లను కిందికి పారించడం తేలిక. మీ బస్సు పోయేది ఆ లోయలోనే, ఎదురు దిశలో.

ఊరు దగ్గర పడ్డాక బస్సు ఒక సొరంగంలో దూరుతుంది. ఊరంతా ఆ సొరంగం బయట, సరస్సు వైపున ఉండిపోతుంది. అవతల తేలేసరికి ఊరి దక్షిణపు చివర, లాన్ అనే పేటలో టెర్మినల్ దగ్గర ఉంటారు. "ఊరేది?" అని అందరూ అయోమయపడేది అందుకే. ఊరి నడిబొడ్డు ఇంకా కిలోమీటరు దూరంలో ఉంది.

ఊళ్లో మూడు గంటలు

దిగగానే రెండు పనులు. తిరిగి బయల్దేరే సమయాన్ని గైడ్ నోట విని ఫోన్లో అలారం పెట్టుకోండి, 15 నిమిషాల ముందుకు. బస్సు నంబరు పలకను ఫొటో తీసుకోండి. సమయం ఎప్పుడూ 24 గంటల లెక్కలో అడగండి. జర్మన్‌లో 'హాల్బ్ డ్రై' అంటే మాటకు మాట 'సగం మూడు', వాళ్ల లెక్కలో రెండున్నర. మూడున్నర అనుకుంటే బస్సు పోయి గంటవుతుంది.

ఇక నడక. జనమంతా దిగగానే మొదటి దుకాణం దగ్గర ఆగుతారు, మొదటి కాఫీ కొట్టులో కూర్చుంటారు. మీరు ఆగకండి. జేష్ట్రాసె అనే సరస్సు పక్క వీధి పట్టుకుని 12, 15 నిమిషాలు నేరుగా నడిస్తే మార్కెట్ చౌకు వస్తుంది. దాన్నీ దాటి ఉత్తరంగా ఇంకో ఐదారు నిమిషాలు నడిస్తే వీధి కాస్త ఎత్తెక్కి మలుపు తిరుగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే క్యాలెండర్లలో చూసిన బొమ్మ: ప్రొటెస్టెంట్ చర్చి సూది గోపురం, దాని వెనక సరస్సు, ఇటు కొండకు అతుక్కున్న ఇళ్లు. ముందు ఇక్కడికే రండి. ఎందుకంటే ఊరి ఆ చివర నుంచి మొదలుపెడితే చూస్తూ చూస్తూ బస్సుకు దగ్గరవుతారు. ఇటు నుంచి మొదలుపెట్టి అటు వెళ్లినవాళ్లే ఆఖర్లో ఆయాసపడుతూ పరుగెత్తేది.

ఆ మలుపు దగ్గర ఐదు నిమిషాలు చాలు, తీసిన ఫొటో చూసుకోవడం పక్కకు వెళ్లాక. గొంతు తగ్గించండి. ఫొటోల కోసం జనం గుమిగూడి గోల చేస్తుంటే తట్టుకోలేక 2023లో ఊరివాళ్లు అక్కడ చెక్క గోడ అడ్డం పెట్టారు. విమర్శలు రావడంతో తీసేశారు గానీ వాళ్ల బాధ నిజం. ఆ కిటికీల వెనక పసిపిల్లలు నిద్రపోతుంటారు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు ఉంటారు. తలుపు తెరిచి ఉందని పెరట్లోకి వెళ్లడం, బాల్కనీ మెట్లెక్కి కూర్చోవడం చేయకండి. డ్రోన్లకు అనుమతి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మార్కెట్ చౌకులో గోడల్ని దగ్గరగా చూడండి. కొన్ని ఇళ్ల గోడకు చెట్టు బల్లపరుపుగా అతికించినట్టు పెరిగి ఉంటుంది. చెట్టు వేసే చోటు లేక, కాండాన్ని గోడకు ఆనించి, కొమ్మల్ని అటూ ఇటూ కట్టి పెంచిన పళ్ల చెట్టది. కొండకూ నీళ్లకూ మధ్య ఎంత కొంచెం నేలతో ఈ ఊరు బతికిందో ఆ ఒక్క చెట్టు చూస్తే అర్థమవుతుంది.

అదే కొరత ఎముకల గదిలోనూ కనిపిస్తుంది. చౌకు నుంచి మెట్లెక్కి కేథలిక్ చర్చి చేరితే, దాని వెనక సెయింట్ మైఖేల్ ప్రార్థనాలయం కింద చిన్న గది. శ్మశానంలో స్థలం చాలక, పూడ్చిన కొన్నేళ్లకు ఎముకలను పైకి తీసి, పుర్రెను శుభ్రం చేసి ఎండలో తెల్లబరిచి, దాని మీద పేరు రాసి బొమ్మలు వేసి ఇక్కడ పేర్చేవారు. మొత్తం 1,200కు పైగా పుర్రెలు, వాటిలో రంగులు వేసినవి 610. నుదుటి మీద సిలువ, చుట్టూ గులాబీ పూల దండ, లేదా ఐవీ ఆకులు, ఓక్ ఆకులు, కింద పేరు. ఒకే ఇంటివాళ్ల పుర్రెలు పక్కపక్కన ఉంటాయి. ఆఖరిది 1995లో చేరింది, 1983లో పోయిన ఒక స్త్రీది. లోపల పదిమంది పడితే ఎక్కువ. నెమ్మదిగా వెళ్లి నెమ్మదిగా రండి, అది వాళ్ల తాతముత్తాతల గది. ప్రవేశానికి చిల్లర ఇవ్వాలి. మెట్లతో కలిపి అరగంట పెట్టుకోండి.

ఈ లెక్కన మూడు గంటల్లో నడక, ఫొటో మలుపు, చౌకు, ఎముకల గది అన్నీ కలిపి గంటా ముప్పావు. భోజనానికి అరగంట. మిగిలే ముప్పావు గంటలో దుకాణాలూ, లాన్ పేటలో సరస్సు ఒడ్డున కూర్చోవడమూ. హంసలు దగ్గరకొస్తాయి, వాటికి బ్రెడ్డు వేయకండి. ఇంటికి తేవడానికి ఉప్పే సరైనది: మూలికలు కలిపిన చిన్న సీసాలు తేలిగ్గా ఉంటాయి, పగలవు, అమ్మకు వంటింట్లో పనికొస్తాయి.

కొండ మీదికి వెళ్లాలనుకుంటే

కేబుల్ రైలు కింది స్టేషన్ టెర్మినల్‌కు ఐదారు నిమిషాల నడకలోనే ఉంది. కొన్ని నిమిషాల్లో పైకి చేరుస్తుంది. పైన ఊరికి 360 మీటర్ల ఎత్తున సరస్సు మీదికి పొడుచుకొచ్చిన వేదిక ఉంది, దాన్నే స్కైవాక్ అంటారు. క్యూతో కలిపి గంటన్నర పెట్టుకుంటే ఇది మూడు గంటల టూర్‌లో ఇముడుతుంది, కానీ అప్పుడు ఎముకల గదిని గానీ భోజనాన్ని గానీ వదులుకోవాలి. కొండ ఎంచుకుంటే దిగగానే ముందు అక్కడికే వెళ్లండి. పెద్ద మరమ్మతుల కోసం ఈ రైలు నెలల తరబడి ఆగే సందర్భాలుంటాయి, కాబట్టి టూర్ బుక్ చేసే ముందే వాళ్ల సైట్లో నడుస్తోందా అని చూసుకోండి. మబ్బు దిగి ఉంటే టికెట్ కొనకండి, పైనుంచి తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు.

ఉప్పు గని మాత్రం మూడు గంటల టూర్‌లో పట్టదు. పై స్టేషన్ నుంచి గని ద్వారం దాకా నడక, బట్టల మీద తొడుక్కునే దుస్తులు, గంటన్నర పర్యటన, మళ్లీ కిందికి రావడం, అంతా కలిపి దానికే మూడు గంటలు. నాలుగేళ్ల లోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు. గని చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే ఒక రాత్రి అక్కడ ఉండేలా వెళ్లండి, అంత విలువైన చోటు అది. క్రీ.పూ. 1344 నాటి చెక్క మెట్లు ఉప్పులో చెక్కుచెదరకుండా దొరికాయి. 1734లో ఉప్పులో కూరుకుపోయిన ప్రాచీన కార్మికుడి దేహం బయటపడింది. 1846 నుంచి యోహాన్ గియోర్గ్ రామ్‌జావర్ అనే గని అధికారి, గని పక్కనే కొండ మీదున్న లోయలో సుమారు వెయ్యి ప్రాచీన సమాధులు తవ్వి తీశాడు. ఐరోపా తొలి ఇనుప యుగానికి ఈ ఊరి పేరే పెట్టారు.

పెద్దవాళ్లతో వెళ్తే

అమ్మానాన్నలను తీసుకెళ్లే పిల్లలు మొత్తం ఊరు చూపించాలని తాపత్రయపడతారు. జేష్ట్రాసె చాలావరకు చదునే, మెల్లగా నడిస్తే చౌకు దాకా 25 నిమిషాలు. చౌకులో బెంచీలున్నాయి. వాళ్లను అక్కడ కూర్చోబెట్టి, మీరు ఫొటో మలుపు దాకా వెళ్లి రండి. చర్చి మెట్లు మోకాళ్లకు శిక్ష. వాటికి బదులు పడవ ఎక్కించండి. వేసవిలో 50 నిమిషాల సరస్సు షికారు పడవలు తిరుగుతాయి, కూర్చునే ఊరంతా చూడొచ్చు. షుగర్, బీపీ మాత్రలు బస్సు కింద పెట్టే సామానులో కాకుండా చేతి సంచిలోనే ఉండాలి. భోజనం వేళ తప్పుతుంది, రెండు బిస్కెట్ ప్యాకెట్లు విడిగా ఉంచండి. ఎవరికి ఏమైనా అయితే 112, అంబులెన్స్‌కు 144.

బస్సు తప్పిపోతే

ముందు వోచర్ మీది నంబరుకు ఫోన్ చేయండి. గైడ్ ఒకటి రెండు నిమిషాలు ఆపగలిగితే ఆపుతారు, అంతకు మించి వాళ్ల చేతుల్లో లేదు. బస్సు పోతే కంగారు పడకండి, దారి ఉంది. రైల్వే స్టేషన్ సరస్సుకు ఆవలి ఒడ్డున ఉంది. మార్కెట్ చౌకు దగ్గర రేవు నుంచి పడవ పదినిమిషాల్లో అక్కడికి చేరుస్తుంది, రైలు వేళలకు తగ్గట్టే నడుస్తుంది. రైలెక్కి ఆట్నాంగ్ పుక్‌హైమ్‌లో దిగి మారితే అటు వియన్నాకూ ఇటు సాల్జ్‌బర్గ్‌కూ రైళ్లుంటాయి. ఈ పడవ సాయంత్రంతోనే ఆగిపోతుంది. కాబట్టి బస్సు పోయిందని తెలిసిన మరుక్షణం రేవు వైపు నడవండి. టెర్మినల్ దగ్గర నిలబడి వాదించుకుంటూ అరగంట పోగొట్టుకున్నవాళ్లకే రాత్రి అక్కడ గది వెతుక్కోవాల్సి వస్తుంది, గదులేమో వేసవిలో దొరకవు. ఈ టికెట్ల డబ్బు మీదే, టూర్ కంపెనీ ఇవ్వదు.

తిరుగు ప్రయాణంలో

బస్సెక్కే ముందు టెర్మినల్‌లో టాయిలెట్‌కు వెళ్లండి, సీసా నింపుకోండి. మీ పొద్దుటి సీట్లోనే కూర్చోండి, సీట్లు మార్చుకుంటే గైడ్ తలలు లెక్కపెట్టడం తప్పుతుంది. ఈసారి సరస్సులు కుడి కిటికీలో వస్తాయి. గైడ్‌కు, డ్రైవర్‌కు ఇష్టపూర్వకంగా మనిషికి రెండు మూడు యూరోలు ఇవ్వడం మర్యాద, దిగేటప్పుడు చేతికివ్వండి. రోడ్డు మీద రద్దీతో వియన్నా బస్సులు గంట ఆలస్యం కావడం మామూలే. అందుకే ఆ రాత్రికి విమానం, రైలు, నాటకం టికెట్ ఏదీ పెట్టుకోకండి. దిగేముందు సీటు జేబులో, పైన అరలో, సీటు కింద చేయి పెట్టి చూసుకోండి. కళ్లజోళ్లు, ఫోన్ ఛార్జర్లు అక్కడే మిగిలిపోతాయి, పాస్‌పోర్టు మిగిలిపోతే మర్నాడంతా దానికే సరిపోతుంది.